రెండు వరుసల ఆటగాడి కోసం ఒక సైట్: బేస్‌బాల్ రిఫరెన్స్ మీద నా రివ్యూ

ఈ వేసవిలో నేను ఎక్కువగా వాడిన సైట్ గురించి రాస్తున్నాను కానీ, మొదలు మాత్రం మా చిన్నోడి మోచెయ్యి దగ్గరే. మే నెలలో ఒక శనివారం లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) మ్యాచ్‌లో అవతలి జట్టు కుర్రాడు విసిరిన బంతి వాడి మోచేతికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. వాడు ఏడవకుండా, ఏడవలేదని అందరికీ కనిపించేలా మొహం పెట్టుకుని ఫస్ట్ బేస్‌కి నడిచాడు. నేను స్కోర్‌బుక్‌లో వాడి పేరు పక్కన ఒక ఎట్ బ్యాట్, అంటే యావరేజ్ లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతు, వేశాను. హిట్ కొట్టలేదు కాబట్టి హిట్ల గడిలో సున్నా. ఇన్నింగ్స్ అయ్యాక కోచ్ వచ్చి, నా భుజం మీదుగా చూసి, పెన్సిల్ అడిగి తీసుకుని ఆ ఎట్ బ్యాట్ చెరిపేశాడు.

బంతి తగిలి బేస్‌కి వెళ్తే అది ఎట్ బ్యాట్ కాదట. ప్లేట్ దగ్గరికి, అంటే బ్యాటర్ నిలబడే చోటికి, వచ్చినట్టు లెక్క, అంతే. పాపం నాదే. ఇంజినీరింగ్ కాలేజీలో క్రికెట్ స్కోర్ రాసిన ధైర్యంతో, పేరెంట్స్ మీటింగ్‌లో "స్కోర్ ఎవరు రాస్తారు" అని అడగ్గానే చెయ్యెత్తాను. క్రికెట్‌లో బంతి ఒంటికి తగిలి పరుగు తీస్తే లెగ్ బై అని వేసేస్తాం, బ్యాట్స్‌మన్ ఖాతాలో ఆ బంతి ఉంటుంది. ఇక్కడ ఖాతాయే వేరు. ఆ తేడా నాకు ఎక్కడం లేదని గమనించి కోచ్ ఒక్క మాట చెప్పాడు: "మన పక్క ఊరు గిల్ఫర్డ్‌లో పెరిగిన ఒక అవుట్‌ఫీల్డర్ ఉన్నాడు, ఆడమ్ గ్రీన్‌బర్గ్ అని. ఇంటికి వెళ్లాక బేస్‌బాల్ రిఫరెన్స్‌లో అతని పేజీ చూడు. రెండే వరుసలు. అవి అర్థమైతే నీకు స్కోర్ రాయడం వచ్చినట్టే."

మేం ఉండేది కనెక్టికట్‌లో, న్యూహేవెన్‌కి దగ్గర్లో. గిల్ఫర్డ్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఆ పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు.

సరే, సైట్ సంగతి. బేస్‌బాల్ రిఫరెన్స్ 2000లో మొదలైంది. తర్వాత ఫిలడెల్ఫియాలో గణితం పాఠాలు చెప్పిన షాన్ ఫోర్‌మన్ అనే ఆయన దీన్ని కట్టాడు. క్రిక్‌ఇన్ఫోలో పాత స్కోర్‌కార్డులు తవ్వుకుంటూ రాత్రుళ్లు గడిపిన వాళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దం నుంచి పెద్ద లీగుల్లో ఆడిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ ఉంటుంది. ఇరవై ఏళ్లు ఆడినవాడికీ, ఒక్క సాయంత్రం ఆడినవాడికీ అవే గడులు, అవే గీతలు. ఖాతా తెరవక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. పేరు కొట్టడమే. ప్రకటనలు ఉంటాయి, ఉండనివ్వండి. స్టాట్‌హెడ్ అని డబ్బు కట్టి వాడుకునే విభాగం వేరే ఉంది, మన ప్రశ్నలు మనమే వేసుకుని జాబితాలు తీసుకోవడానికి. నాకు దాని అవసరం పడలేదు.

గ్రీన్‌బర్గ్ పేజీ తెరిస్తే పైన మామూలు వివరాలు. ఎడమ చేత్తో బ్యాటింగ్, ఎడమ చేత్తోనే త్రో. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు, అంటే ఈ ఆటకి పొట్టివాడి కిందే లెక్క. నార్త్ కరోలినా యూనివర్సిటీ. 2002 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) తొమ్మిదో రౌండ్‌లో చికాగో కబ్స్ తీసుకుంది. మొదటి మ్యాచ్ 2005 జూలై 9. చివరి మ్యాచ్ 2012 అక్టోబర్ 2. ఈ రెండు తేదీలూ చూసి ఏడేళ్ల కెరీర్ అనుకున్నాను. కిందికి వెళ్తే పట్టికలో రెండే వరుసలు, ఒక్కో దానిలో ఒక్కో మ్యాచ్.

మొదటి వరుస: 2005, కబ్స్. మ్యాచ్‌లు 1. ప్లేట్ అపియరెన్స్‌లు 1. ఎట్ బ్యాట్‌లు 0. హిట్ బై పిచ్ (బంతి ఒంటికి తగలడం) 1.

రెండో వరుస: 2012, మయామి మార్లిన్స్. మ్యాచ్‌లు 1. ప్లేట్ అపియరెన్స్‌లు 1. ఎట్ బ్యాట్‌లు 1. స్ట్రైక్‌అవుట్‌లు (మూడు స్ట్రైకులతో అవుట్) 1.

ఈ సైట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం ఇక్కడ చెప్పాలి. వరుసలో ఉన్న సంఖ్యల నుంచి ఆ రోజు మ్యాచ్ బాక్స్ స్కోర్‌కి, అంటే స్కోర్‌కార్డుకి, అక్కడి నుంచి ఒక్కొక్క బ్యాటర్‌కి ఏం జరిగిందో చెప్పే పట్టికకి వెళ్లొచ్చు. 2005 జూలై 9 మ్యాచ్ తెరిచాను. ఫ్లోరిడా మార్లిన్స్ (తర్వాత మయామి మార్లిన్స్ అయిన జట్టే) మైదానంలో కబ్స్ ఆడుతోంది. తొమ్మిదో ఇన్నింగ్స్. గ్రీన్‌బర్గ్ పించ్ హిట్టర్‌గా వచ్చాడు, అంటే వేరేవాళ్ల వంతులో బ్యాట్ పట్టుకున్నాడు. బంతి విసిరే పిచర్ వలేరియో డి లోస్ సాంటోస్, ఎడమచేతి వాటం. మొదటి బంతి. హిట్ బై పిచ్. తర్వాత ఇంకో బ్యాటర్ పేరు, ఇంకో ఫలితం. పట్టిక ఆగదు.

ఆ బంతి వేగం గంటకి 92 మైళ్లు. మన లెక్కలో 148 కిలోమీటర్లు. మంచి ఫాస్ట్ బౌలర్ వేసే వేగం, కానీ పిచ్ మీద పడి లేవకుండా నేరుగా వచ్చి తల వెనక భాగానికి తగిలింది. పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య దూరం అరవై అడుగుల ఆరంగుళాలు. చేతిలోంచి వదిలాక బ్యాటర్‌కి దొరికేది సెకనులో సగం కన్నా తక్కువ. హెల్మెట్ ఉన్నా మెదడుకి దెబ్బ తగిలింది. అదే వేసవిలో మళ్లీ ఆడటానికి వెళ్లాడు గానీ, తల తిప్పితే, వంచితే లోకం గిర్రున తిరిగే జబ్బు వెంటబడింది. పట్టికలో ఇవేవీ ఉండవు. అక్కడ ఉండేది 1 అనే అంకె ఒక్కటే.

నేను లాప్‌టాప్‌లో ఇది చూస్తున్న సమయానికి మా మావయ్య గారు సోఫాలో ఉన్నారు. మనవడి కోసం తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు ఉన్నారు. సబ్ ట్రెజరీలో ఉద్యోగం చేసి రిటైర్ అయిన మనిషి. ఆయనకి బేస్‌బాల్ తెలీదు, కానీ గడులు గీసిన కాగితం ఎక్కడ కనపడినా కళ్లజోడు పెట్టుకుంటారు. దగ్గరికి వచ్చి చూసి వేలు పెట్టారు.

"అల్లుడు గారూ, ఈ గడి ఖాళీగా వదిలేశారేమిటి? కింద దానిలో సున్నా ఉందిగా?"

ఆయన వేలు 2005 వరుసలో బ్యాటింగ్ యావరేజ్ గడి మీద ఉంది. నిజంగానే ఖాళీ. 2012 వరుసలో .000 అని ఉంది. నేను ఆ తేడా గమనించనే లేదు. ఎట్ బ్యాట్‌లే లేనప్పుడు యావరేజ్ లెక్క కట్టడానికి కింద భాగించే సంఖ్య లేదు కాబట్టి ఖాళీ అని చెప్పాను. ఆయన మొహం వెలిగింది.

"అదీ పద్ధతి. పద్దే లేనిచోట సున్నా వేస్తే తప్పు. ఎంతమంది గుమస్తాలకి చెప్పానో ఈ మాట."

కోచ్ చెరిపేసిన గీత అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. నేను మా చిన్నోడికి సున్నా వేశాను. వాడికి వెయ్యాల్సింది ఖాళీ.

దాని పక్కన ఆన్-బేస్ పర్సెంటేజ్ అని ఇంకో గడి ఉంటుంది. ప్లేట్ దగ్గరికి వచ్చినవాటిలో ఎన్నిసార్లు అవుట్ కాకుండా బేస్ మీదికి చేరాడు అనేది. దీనిలో బంతి తగలడం కూడా లెక్కలోకి వస్తుంది. 2005 వరుసలో 1.000. వచ్చింది ఒక్కసారి, చేరింది ఒక్కసారి. అడుగున మొత్తం కెరీర్ వరుసలో .500. మావయ్య గారు దాన్ని కాసేపు చూసి, "అయితే ఈయన రెండోసారి వెళ్లకపోతే నూటికి నూరు మిగిలేదన్నమాట. ఎందుకెళ్లాడు?" అన్నారు.

ఎందుకు వెళ్లాడో చెప్పడానికి ఈ సైట్‌లో పెద్ద లీగుల పట్టిక చాలదు. ఇక్కడే కొత్తవాళ్లకి నా సలహా. పేరు వెతికి, పై పట్టిక చూసి పేజీ మూసేయకండి. మైనర్ లీగుల లెక్కలకి వేరే లంకె ఉంటుంది, అది నొక్కండి. అసలు కెరీర్ అక్కడ ఉంటుంది. పై పట్టికలో రెండు వరుసలున్న మనిషికి అక్కడ 2002 నుంచి 2011 దాకా ఊళ్లకి ఊళ్లు. డేటోనా, వెస్ట్ టెనెసీ, జాక్సన్‌విల్, విచిటా, ఆర్కాన్సా. కబ్స్ వదిలేశాక డాడ్జర్స్, రాయల్స్, ఏంజెల్స్ సంస్థల కింద జట్లు. మన దగ్గర రంజీ, దాని కింద జిల్లా లీగులు అనుకుంటే సుమారుగా సరిపోతుంది కానీ, ఇక్కడ ప్రతి పెద్ద జట్టుకీ కింద నాలుగైదు మెట్లు సొంతంగా ఉంటాయి. గ్రీన్‌బర్గ్ ఆ మెట్లలో పైనుంచి రెండోదైన డబుల్-ఎ నుంచి, దాని పైదైన ట్రిపుల్-ఎ ఎక్కకుండా నేరుగా పైకి వచ్చినవాడు. అంటే ఆ జూలైలో అతని మీద అంత నమ్మకం ఉంది. సెంటర్ ఫీల్డ్‌లో బాగా పరిగెత్తేవాడు, బేస్‌కి చేరడం తెలిసినవాడు.

ఆ ఊళ్ల పట్టీలో చివరి ఊరు చూసి ఉలిక్కిపడ్డాను. బ్రిడ్జ్‌పోర్ట్. మా ఇంటి నుంచి హైవే మీద అరగంట. బ్రిడ్జ్‌పోర్ట్ బ్లూఫిష్ అని అట్లాంటిక్ లీగ్ జట్టు ఉండేది. అది ఏ పెద్ద జట్టుకీ సంబంధం లేని స్వతంత్ర లీగ్. పైనుంచి జారినవాళ్లు, ఇంకోసారి పిలుపు వస్తుందేమోనని చూసేవాళ్లు అక్కడ ఆడుతుంటారు. 2017 తర్వాత ఆ జట్టు ఊరు వదిలేసింది. స్టేడియాన్ని సంగీత కచేరీల వేదికగా మార్చారు. తర్వాతి ఆదివారం కాస్ట్‌కోకి వెళ్లే పని పెట్టుకుని అటు తిప్పాను. మా ఆవిడ "కాస్ట్‌కో ఇటు కాదుగా" అంది. పార్కింగ్ లాట్‌లో రెండు నిమిషాలు ఆపి వచ్చేశాం. గుడారం లాంటి తెల్లటి కప్పు తప్ప చూడ్డానికి ఏమీ లేదు.

ఇప్పుడు సైట్ చెయ్యలేని పని ఒకటి చెప్పాలి. 2011లో బ్లూఫిష్ తరఫున ఆడుతూ గ్రీన్‌బర్గ్ ఒక పిచర్‌ని ఎదుర్కొన్నాడు. అప్పుడు లాంగ్ ఐలాండ్ డక్స్‌కి ఆడుతున్న వలేరియో డి లోస్ సాంటోస్. అవును, ఆయనే. ఆరేళ్ల తర్వాత, పెద్ద లీగులకి ఎంతో దిగువన, ఇద్దరూ మళ్లీ అరవై అడుగుల ఆరంగుళాల దూరంలో నిలబడ్డారు. గ్రీన్‌బర్గ్ సింగిల్, అంటే ఫస్ట్ బేస్‌కి చేర్చే హిట్, కొట్టాడు. నన్నడిగితే అతని కెరీర్‌లో అదే పెద్ద హిట్. కానీ పేజీలో ఆ హిట్ ఆ ఏడాది మొత్తంలో కలిసిపోయి ఉంటుంది, దాన్ని వేలు పెట్టి చూపించలేం. సైట్‌ని తప్పు పట్టడం లేదు. పద్దుల పుస్తకానికి అంతకన్నా తెలిసే దారి లేదు. అందుకే ఈ సైట్‌ని పాత వార్తలు పక్కన పెట్టుకుని చదవాలి. పద్దు ఇక్కడ, కథ అక్కడ.

మావయ్య గారి ప్రశ్నకి జవాబు నాకు అలాగే దొరికింది. మ్యాట్ లిస్టన్ అనే కబ్స్ అభిమాని, సినిమాలు తీసే మనిషి, "ఒక్క ఎట్ బ్యాట్" పేరుతో ఉద్యమం నడిపాడు. గ్రీన్‌బర్గ్‌కి ఒకే ఒక్క అసలైన ఎట్ బ్యాట్ ఇవ్వండి అని ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించాడు. ఉద్యమం పేరులోనే ఉంది విషయం. అడిగింది మ్యాచ్ కాదు, డబ్బు కాదు. ఖాళీగా ఉన్న ఆ గడిలో ఒక అంకె. చివరికి ఒప్పుకున్నది మార్లిన్స్. ఎవరి పిచర్ బంతి తగిలిందో ఆ జట్టే. ఒక్క రోజుకి కాంట్రాక్ట్ రాశారు. ఆ ఏడాది కనీస జీతం 4,80,000 డాలర్లు. దానిలో ఒక్క రోజు వాటా 2,600 డాలర్ల పైచిలుకు. ఆ డబ్బుని అతను తల దెబ్బల మీద పరిశోధన చేసే సంస్థకి ఇచ్చేశాడు.

2012 అక్టోబర్ 2 బాక్స్ స్కోర్ కూడా తెరిచి చూడండి. ఆరో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్‌గా, మళ్లీ పించ్ హిట్టర్‌గానే వచ్చాడు. జనం లేచి నిలబడ్డారు. ఎదురుగా న్యూయార్క్ మెట్స్ పిచర్ ఆర్.ఏ. డికీ. దీన్ని అదృష్టం అనాలో దురదృష్టం అనాలో తెలీదు. డికీ వేసేది నకుల్‌బాల్. బంతి దాదాపు తిరగకుండా వస్తుంది, ఎటు ఊగుతుందో వేసినవాడికే తెలీదు. వేగం తక్కువ, కాబట్టి తల పగిలే భయం లేదు. కానీ రోజూ ఆడేవాళ్లకే అది అందదు. ఆ ఏడాది డికీ 20 మ్యాచ్‌లు గెలిచి నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు, ఆ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ స్ట్రైక్‌అవుట్‌లు చేసినవాడూ అతనే. ఏడేళ్లు పెద్ద లీగు బంతి చూడని మనిషికి మూడే బంతులు పట్టాయి. మూడు స్ట్రైకులు. అవుట్. డగౌట్‌కి, అంటే జట్టు కూర్చునే చోటికి, తిరిగి వెళ్లాడు.

ఎట్ బ్యాట్ 1. యావరేజ్ .000. ఆన్-బేస్ సగానికి పడింది. ఖాళీ గడి నిండింది.

మావయ్య గారితో ఇదంతా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "పాత పద్దు అలాగే ఉంచుకోవాల్సింది" అన్నారు. మా చిన్నోడు మాత్రం సిరియల్ తింటూ, తల ఎత్తకుండా, "తాతయ్యా, ఆడితేనే కదా అవుట్ అయ్యేది" అని మళ్లీ గిన్నెలో పడ్డాడు. నేను ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఇంట్లో ఇద్దరితోనూ పని ఉంది నాకు.

ఆ పేజీలో ఇంకో వింత ఉంది, అది నాకు మూడోసారి చూసినప్పుడు గానీ తట్టలేదు. ఈయన అవుట్‌ఫీల్డర్. పదేళ్లు అదే పని. కానీ పెద్ద లీగు మైదానంలో ఒక్క నిమిషం కూడా అవుట్‌ఫీల్డ్‌లో నిలబడలేదు. మొదటిసారి దెబ్బ తిని బయటికి వెళ్లాడు, రెండోసారి బ్యాట్ పట్టి దిగిపోయాడు. పక్షి అని పేరు రాసి గాలే తగలనివ్వనట్టు.

ఇక్కడి నుంచి నేను దారి తప్పాను, ఈ సైట్‌కి ఆ గుణం ఉంది. రాత్రి పదిన్నరకి ఒక పేరు కోసం తెరిస్తే ఒంటిగంటకి నాలుగో శతాబ్దపు శాసనాలు చదువుతున్నవాడిలా కూర్చుంటాం. గ్రీన్‌బర్గ్‌తో పాటే, డబుల్-ఎ నుంచే, అదే వారంలో కబ్స్ పిలిచిన ఇంకో అవుట్‌ఫీల్డర్ మ్యాట్ మర్టన్. అతని పేజీలో కావలసినన్ని వరుసలు. తర్వాత జపాన్‌కి వెళ్లి 2010లో హాన్‌షిన్ టైగర్స్ తరఫున 214 హిట్లు కొట్టి, అక్కడి మేటి ఆటగాడు ఇచిరో పేరు మీద ఉన్న 210 హిట్ల సీజన్ రికార్డు దాటాడు. ఒకే బస్సులోంచి దిగిన ఇద్దరు.

మా చిన్నోడు ఆడేది రైట్ ఫీల్డ్. పిల్లల ఆటలో రైట్ ఫీల్డ్ అంటే ఏమిటో అమెరికాలో పిల్లలున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. బంతి తక్కువ వచ్చే మూల. వాడి మనసు కాస్త బాగుచేద్దామని రైట్ ఫీల్డర్ల కోసం వెతికాను. జాన్ పాసియోరెక్ దొరికాడు. 1963 సెప్టెంబర్ 29, సీజన్ ఆఖరి రోజు. హ్యూస్టన్ జట్టు, అప్పటికి ఆస్ట్రోస్ అనే పేరు రాలేదు, కోల్ట్ ఫార్టీఫైవ్స్ అనేవాళ్లు. 18 ఏళ్ల కుర్రాడు రైట్ ఫీల్డ్‌లో దిగి మూడు ఎట్ బ్యాట్‌లలో మూడు హిట్లు, రెండు వాక్‌లు (పిచర్ నాలుగు బంతులు సరిగ్గా వెయ్యకపోతే ఊరికే దొరికే బేస్, ఇదీ ఎట్ బ్యాట్ కాదు), నాలుగు పరుగులు చేశాడు. యావరేజ్ 1.000. ఆ తర్వాత వెన్నుకి ఆపరేషన్. మళ్లీ ఎప్పుడూ పెద్ద లీగులో ఆడలేదు. తర్వాత కాలిఫోర్నియాలో పిల్లలకి వ్యాయామం నేర్పే టీచర్ అయ్యాడు. ఇంకోడు మూన్‌లైట్ గ్రేయం, 1905 జూన్ 29, న్యూయార్క్ జెయింట్స్, రైట్ ఫీల్డే. అతని వరుసలో మ్యాచ్ 1, ప్లేట్ అపియరెన్స్‌లు 0. బ్యాట్ పట్టే వంతు రానేలేదు. తర్వాత మినసోటాలో చిన్న ఊళ్లో డాక్టరుగా జీవితమంతా గడిపాడు. అతని పేరు సినిమా వల్ల కొందరికి తెలుసు. పాసియోరెక్ పేరు అంతగా తెలీదు, నాకైతే అదే పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది.

ఫ్రెడ్ వాన్ డ్యూసెన్ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాను. ఫిలడెల్ఫియా ఫిల్లీస్, అతనూ అవుట్‌ఫీల్డరే, అతనూ 18 ఏళ్లవాడే. 1955 సెప్టెంబర్ 11న ఒకే ఒక్కసారి బ్యాట్ పట్టాడు, బంతి తగిలింది. అంతే కెరీర్. 2012 దాకా ఆ వింత జాబితాలో ఇద్దరు ఉండేవాళ్లు, వాన్ డ్యూసెన్, గ్రీన్‌బర్గ్. ఆ మూడు స్ట్రైకుల తర్వాత వాన్ డ్యూసెన్ ఒక్కడే మిగిలాడు. అతని ఆన్-బేస్ ఇప్పటికీ 1.000. మావయ్య గారికి నచ్చే పేజీ అది.

ఇలాంటి పాత మ్యాచ్‌లలో ఒక్కొక్క బ్యాటర్‌కి ఏం జరిగిందో సైట్‌కి ఎలా తెలిసిందని నాకు అనుమానం వచ్చింది. చాలావరకు రెట్రోషీట్ అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యం. డెలవేర్‌లో జీవశాస్త్రం ప్రొఫెసర్ డేవిడ్ స్మిత్ 1989లో మొదలుపెట్టాడు. జట్ల దగ్గరా, విలేకరుల దగ్గరా, మామూలు అభిమానుల అటకల మీదా ఉన్న పాత స్కోర్‌బుక్‌లు సేకరించి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అంటే పెన్సిల్‌తో గీసిన గడులే ఈ సైట్‌కి పునాది. ఆ సంగతి తెలిశాక నా స్కోర్‌బుక్‌లో చేతిరాత కాస్త మెరుగుపడింది. ఎవరు చూస్తారని కాదు. ఏమో.

వాడేవాళ్లకి రెండు మాటలు. పట్టికలు వెడల్పుగా ఉంటాయి, కాబట్టి ఫోన్‌లో కన్నా పెద్ద తెర మీద చదవండి. పొట్టి అక్షరాల పేర్లు చూసి భయపడకండి. గడి పైన మౌస్ పెడితే దాని పూర్తి పేరు, అర్థం వస్తాయి. వార్ (WAR) అని ఒక అంకె ఉంటుంది, అందరూ దాని గురించే మాట్లాడతారు. ఆటగాడి వల్ల జట్టుకి ఎన్ని గెలుపులు ఎక్కువ వచ్చాయనే అంచనా. రెండు వరుసల ఆటగాళ్ల దగ్గర దాన్ని పట్టించుకోవద్దు. ఒక్క బంతితో మనిషి విలువ కట్టే లెక్క ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఇంకో సరదా: అక్షరక్రమంలో చూస్తే చాలాకాలం మొదటి పేరు హ్యాంక్ ఆరన్‌ది ఉండేది. 2004లో డేవిడ్ ఆర్డ్‌స్మా అనే పిచర్ వచ్చి ఆ చోటు తీసుకున్నాడు. హాజరు పట్టీలో మొదటి పేరు పోయిన బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎనిమిదో తరగతిలో నాకూ జరిగింది.

స్టార్లు ఇవ్వమంటే ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది ఎందుకంటే, బ్రిడ్జ్‌పోర్ట్‌లో కొట్టిన ఆ సింగిల్ నాకు విడిగా కనపడలేదు. అది సైట్ తప్పు కాదని పైనే ఒప్పుకున్నాను. అయినా తగ్గిస్తున్నాను.

జూన్ చివర్లో మా వాళ్ల ఆఖరి మ్యాచ్. మావయ్య గారు మడత కుర్చీ వేసుకుని నా పక్కనే కూర్చున్నారు, కళ్లజోడు స్కోర్‌బుక్ మీద. చిన్నోడు రైట్ ఫీల్డ్‌లో నాలుగు ఇన్నింగ్స్‌లు నిలబడ్డాడు, ఒక్క బంతీ అటు రాలేదు. రెండుసార్లు బ్యాట్ పట్టాడు. రెండుసార్లూ పిచర్ బంతులు సరిగ్గా వెయ్యలేక వాక్ ఇచ్చాడు. ప్లేట్ అపియరెన్స్‌లు 2, ఎట్ బ్యాట్‌లు 0. యావరేజ్ గడి దగ్గరికి వచ్చేసరికి నా పెన్సిల్ అలవాటుగా కిందికి దిగింది.

"అల్లుడు గారూ" అన్నారు మావయ్య గారు, వేలు అడ్డం పెట్టి. "ఖాళీ."